థార్న్‌బెక్‌లో పడని ఓటు

దోహాలో నీటి పైపులైన్లు వేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టెనోగా పనిచేసిన లలితకుమారికి, తాను ఎన్నడూ చూడని ఒక ఇంగ్లీషు నియోజకవర్గపు ఎన్నికల చరిత్ర కంఠతా వచ్చు. గుంటూరులో తమ శాసనసభ్యుడి పేరు అడిగితే మాత్రం కాసేపు ఆలోచించవలసి వచ్చేది.

ఆ చరిత్ర ఆమెకు చెప్పినవాడు హెస్కెత్ అనే ఇంజనీరు, ఆమె పై అధికారి. ఉదయం డిక్టేషన్ ముగిసి టీ వచ్చాక ఆయన తన ఊరు థార్న్‌బెక్ గురించి మొదలుపెట్టేవాడు. ఇతరులు తమ వంశం గురించి చెప్పుకున్నట్లు ఆయన నియోజకవర్గం గురించి చెప్పుకునేవాడు. అది 1885లో ఏర్పడింది. మొదట్లో ఉన్ని మిల్లుల యజమానులే గెలుస్తూ వచ్చారు. రైల్వే వర్క్‌షాపు పెట్టాక కార్మికుల మాటకు బలం పెరిగింది. 1945లో ఆయన తండ్రి పనిచేసిన పార్టీ తొలిసారి గెలిచింది. ఫలితం చెప్పిన రోజున ఏడేళ్ళ హెస్కెత్ టౌన్‌హాలు ముందు తండ్రి భుజాల మీద ఉన్నాడు. 1974లో ఒకే ఏడాది రెండుసార్లు ఎన్నికలు జరిగాయి. ఫిబ్రవరి ఎన్నికలో మంచులో కూరుకుపోయిన బ్యాలెట్ పెట్టెను ట్రాక్టరు మీద వేసుకొచ్చారు. ఆ తర్వాత మిల్లులు మూతపడ్డాయి. పార్టీ గెలుస్తూనే ఉన్నా ఆధిక్యం మాత్రం ప్రతిసారీ కరిగిపోతూ వచ్చింది.

రెండు మూడేళ్ళు విన్నాక లలితకుమారి ఆయన చెప్పే సంవత్సరాలనే సరిదిద్దే స్థితికి వచ్చింది. ఆయనకు అది మహా సంతోషం.

ఆ ఊరికీ ఆమె ఇంటికీ ఇంకో సంబంధం కూడా ఉంది. ఆమె తమ్ముడు అమర్ డాక్టరు చదివి ఇంగ్లండులో ఉద్యోగం కోసం తిరుగుతున్నప్పుడు, థార్న్‌బెక్ ఆసుపత్రిలో తనకు తెలిసినవారికి హెస్కెత్ సిఫారసు చేశాడు. ఉద్యోగం దొరికింది. అద్దె ఇల్లు కుదిరేదాకా అమర్‌ను హెస్కెత్ అక్కగారే తన ఇంట్లో పెట్టుకుంది. మరుసటి ఏడాది ఆవిడ పోయింది. ఆ ఊళ్ళో హెస్కెత్‌కు తనవారంటూ ఎవరూ మిగల్లేదు.

ఆయన 1978లో దేశం విడిచినప్పటి నుంచి ఓటు వేయలేదు. చట్టం మారి, దేశం విడిచి ఇరవై ఏళ్ళు దాటనివారు కూడా ఓటు వేయవచ్చని తేలింది. అయితే అక్కడ ఉన్న మనిషి ఎవరైనా ఆయన తరఫున వెళ్ళి వేయాలి. కామన్వెల్తు దేశస్థుడైతే భారతీయుడైనా పనికివస్తాడు. 1992 మొదట్లో హెస్కెత్ కాస్త సిగ్గుపడుతూనే అమర్ తనకు ప్రాక్సీగా ఉంటాడా అని అడిగాడు. ఈసారి నిలబడుతున్నది తన చిన్ననాటి స్నేహితుడు, బడిపంతులు టెడ్ ఫెల్టన్ అని, గెలుపు ఈసారి నల్లేరు మీద బండి కాదని కూడా చెప్పాడు.

ప్రాక్సీ అన్న మాట వినగానే లలితకుమారికి నవ్వు వచ్చింది. గుంటూరు కాలేజీలో ప్రాక్సీ అంటే, సినిమాకు పోయిన స్నేహితురాలి బదులు వెనక బెంచీలోంచి గొంతు మార్చి హాజరు పలకడం. ఆ విద్యలో ఆమెకూ, అమర్‌కూ మంచి పేరే ఉండేది. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. వాడు అందులో ఆరితేరినవాడు సార్ అని ఆమె హామీ ఇచ్చేసింది.

పోలింగు ఏప్రిల్ తొమ్మిదిన జరిగింది. మర్నాడు శుక్రవారం, సెలవు. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని వాళ్ళ ఫ్లాటుకు అమర్ ఫోను చేశాడు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నాననీ, లేచేసరికి చీకటిపడిందనీ, బయట వాన దంచి కొడుతోందనీ చెప్పుకొచ్చాడు.

"అంటే వెళ్ళలేదా?" అంది ఆమె.

"ఒక్క ఓటే కదక్కా. మీ సార్‌కి వేశానని చెప్పెయ్. ఆయనేం చూడొచ్చాడా?"

ఆమె తమ్ముణ్ణి కోప్పడింది. కోప్పడ్డాక మనసు కొంత తేలికపడింది కూడా. భర్త సుధాకరరావు, విదేశంలో ఉన్న మనకు మన దేశం ఓటే ఇవ్వదు, ఇచ్చినవాళ్ళకేమో వేసే తీరిక లేదు అని నవ్వాడు.

శనివారం ఉదయం ఆమె ఆఫీసుకు వెళ్ళేసరికి హెస్కెత్ రేడియో ముందు కూర్చుని ఉన్నాడు. టెడ్ అరవై ఒక్క ఓట్లతో ఓడిపోయాడు. మూడుసార్లు లెక్కించారట. 1945 తర్వాత పార్టీ ఓడడం ఇదే మొదలు. ఆయన తలెత్తి, అమర్ వెళ్ళాడా అని మాత్రం అడిగాడు.

"వెళ్ళాడు సార్. వేశాడు."

ఆ మాట ఆలోచించకుండానే వచ్చింది. వెనక బెంచీలో పేరు వినబడగానే పలికినట్లు, రాని మనిషి తరఫున ఆమె హాజరు పలికింది. ఆయన కళ్ళు మూసుకుని, మన వంతు మనం చేశాం లలితా, థాంక్యూ అన్నాడు.

సాయంత్రం ఇంటికి తీసుకువెళుతూ కంపెనీ డ్రైవరు మస్తాన్ తేడా ఎంతని అడిగాడు. అతనిది కడప జిల్లా. దొర పొద్దుటి నుంచి అందరికీ చెబుతున్నాడు కనుక విషయం అతనిదాకా వచ్చింది. ఆమె చెప్పింది.

"అరవై ఒకటేనా మేడమ్? మా కాడయితే మనిషి పోకున్యా ఓటు పడిపోతాది. సచ్చినోళ్ళు గూడా టయానికొచ్చి ఏసిపోతారు. ఈ దొరలకు ఎలక్షన్ చేసేది తెలీదు."

మరో రోజైతే ఆమె పగలబడి నవ్వేది. ఆ రోజు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

అమర్ వెళ్ళి ఉన్నా తేడా అరవైకి తగ్గేదే తప్ప టెడ్ గెలిచేవాడు కాదు. ఈ లెక్క ఆమె ఎన్నోసార్లు వేసుకుంది. లెక్క సరిగానే ఉంది. దానివల్ల ఊరట మాత్రం రాలేదు. ఎందుకంటే హెస్కెత్ ఆ ఓటును మరచిపోనివ్వలేదు. కొత్తగా వచ్చిన ఇంజనీర్లకు ఆమెను పరిచయం చేసేటప్పుడు, పద్నాలుగేళ్ళ తర్వాత నా ఓటు నాకు ఇప్పించిన మనిషి అని చెప్పేవాడు. టెడ్‌కు ఉత్తరం రాస్తూ, నీకు పడినవాటిలో నాదీ ఒకటుంది అన్న వాక్యం ఆమెకే డిక్టేట్ చేశాడు. ఆమె వేళ్ళు షార్ట్‌హ్యాండులో ఆ వాక్యాన్ని తప్పులేకుండా రాశాయి. అమర్‌కు పంపమని క్రిస్మస్‌కు ఉన్ని స్వెట్టరు ఇస్తే, దాన్ని ఆమె పంపలేకపోయింది, వెనక్కి ఇవ్వలేకపోయింది. అది బీరువాలో బట్టల అడుగున ఉండిపోయింది.

1995లో సరిహద్దుల సవరణ జరిగి థార్న్‌బెక్ నియోజకవర్గం రద్దయింది. సగం ఉత్తరాన ఉన్న దాంట్లోనూ సగం పక్క పట్టణంలోనూ కలిసింది. నూట పదేళ్ళ చరిత్రలో చివరి ఎన్నిక 1992దే అయింది. హెస్కెత్ ఆ రోజు టీ ముట్టుకోలేదు, అది చల్లారిపోయింది. చివరికి, ఆఖరి ఎన్నికలో నేనూ ఉన్నాను, అంతే చాలు అన్నాడు. చెప్పవలసిన సమయం అదేనని లలితకుమారికి తెలుసు. నోరు తెరిచింది కూడా. తెరిచి, టీ వేరేది తెప్పించనా సార్ అని అడిగింది.

1997 మార్చిలో ఆయన ఉత్సాహంగా ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు. మళ్ళీ ఎన్నికలు. నియోజకవర్గం పేరు కొత్తదే కానీ ఊరు పాతదే. ఆయనకు ఇరవై ఏళ్ళు నిండబోతున్నాయి కనుక ఇదే ఆఖరి ఓటు. అమర్ వేరే ఊరికి మారినా పోస్టులో వేయవచ్చునట.

"పోయినసారి అంత బాగా చేశాడు. ఈసారీ అతనే వేయాలి," అన్నాడు.

ఆమె టైపు ఆపింది. లేచి నిలబడింది.

"వాడు వద్దు సార్. పోయినసారి వాడు వెళ్ళలేదు."

హెస్కెత్‌కు వెంటనే అర్థం కాలేదు. ఏదైనా ఇబ్బంది వచ్చిందా అని అడిగాడు. నిద్రపోయాడని ఆమె చెప్పింది. ఆ సంగతి నీకెప్పుడు తెలిసిందని ఆయన అడిగాడు.

"మీరు నన్ను అడగక ముందే తెలుసు."

ఆయన ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. ఆమె కేసి కాక టైపు మిషను కేసి చూశాడు.

"ఆ రోజే చెప్పి ఉంటే అమర్ మీద ఓ వారం కోపంగా ఉండేవాణ్ణి. ఐదేళ్ళపాటు నా చేత థాంక్స్ చెప్పించుకున్నావు, లలితా."

 

ఆ ఏప్రిల్ చివర హెస్కెత్ సెలవు పెట్టి, ఓటు తానే వేసుకోవడానికి ఇంగ్లండు వెళ్ళాడు. ఆయన పార్టీ దేశమంతటా గెలిచిందని ఆమె పేపర్లో చదివింది. తిరిగి వచ్చిన రోజు డిక్టేషన్ ముగిసింది, టీ వచ్చింది. పోలింగు ఎలా జరిగిందో, కొత్త సరిహద్దుల్లో తన వీధి ఎటు పోయిందో ఆయన చెబుతాడని ఆమె పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చుంది. ఆయన డ్రాయింగు విప్పాడు. చివరికి ఆమే అడిగింది.

"టెడ్ గారు ఎలా ఉన్నారు సార్?"

"బాగున్నాడు. అప్పుడు నా ఓటు పడలేదని చెప్పాను." ఆయన చూపు డ్రాయింగు మీదే ఉంది. "నా అశ్రద్ధే అన్నాను. అమర్ పేరు ఎత్తలేదు. నీ పేరూ ఎత్తలేదు."

ఆమె ఏదో అనబోయింది. అప్పటికే ఆయన మున్సిపాలిటీకి వెళ్ళవలసిన ఉత్తరం చెప్పడం మొదలుపెట్టాడు. వాల్వుల సరఫరా ఆలస్యమైనందుకు కంపెనీ తరఫున క్షమాపణ కోరే ఉత్తరం అది. లలితకుమారి తలవంచి రాసుకుంది.