జానీ భాయ్ కొట్టిన బెజ్జం

మొన్న ఎదురింటి గోడకు ఇద్దరు కుర్రాళ్లు కెమెరా బిగిస్తుంటే, సందులు మూసే తెల్లటి గమ్ము వాసన మా వాకిట్లోకి వచ్చింది. పులిసిన గంజిలాంటి ఘాటు. చేటలో బియ్యం ఏరుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఎన్నేళ్లయినా ఆ వాసన వస్తే నాకు జానీ భాయే గుర్తుకొస్తాడు.

తొంభైల చివరి మాట. అశ్వారావుపేట దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీలో నేను ఊడ్చే పనికి ఉండేదాన్ని. జానీ భాయ్ అక్కడ కరెంటు మేస్త్రీ. చెవి మీద ఎప్పుడూ టెస్టరు పెట్టుకునేవాడు. ఎవరినీ ఒసేయ్ అనకుండా పేరు పెట్టి పిలిచే మనిషి. గింజలు ఎండబోసే కళ్లంలోంచి బస్తాలు మాయమవుతున్నాయని, ఆ ఏడు సాయంత్రం గేటు దగ్గర ఆడవాళ్లందరినీ తడిమి చూసేవారు. బసవమ్మ అనే ఆమె మా కొంగులు దులిపేది, బొడ్డు దగ్గర చెయ్యి పెట్టేది. లారీ డ్రైవర్లు బీడీలు కాలుస్తూ చూసేవాళ్లు. బస్తా గింజలు బొడ్లో ఎలా పడతాయని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. జానీ భాయే ఓనరును అడిగాడు, కెమెరా పెడితే ఈ తడమడం ఆపిస్తారా అని. మొదటి వానకు తట్టుకుని బొమ్మ చూపిస్తే ఆపిస్తానన్నాడు ఓనరు.

వానలు మొదలయ్యే మృగశిర కార్తె దగ్గరపడింది. గాజు ముఖమున్న రేకు పెట్టెలో కెమెరాను కూర్చోబెట్టి, జానీ భాయ్ స్తంభమెక్కించాడు. నిచ్చెన పట్టుకున్నది నేను. పెట్టెలోకి పోయే ముందు వైరును కిందికి వంపు తిప్పాడు.

"వైరెంట జారిన నీళ్లు ఈ వంపు కాడ్నే కారిపోతయి, లోపలికి ఎక్కవు" అన్నాడు. ఆపైన ఒక్క సందు వదలకుండా గమ్ము పూశాడు. "ఇగ చీమ గూడ దూరది, సమ్మక్కా."

తెల్లారి ఆఫీసు టీవీలో కళ్లం లేదు, గేటు లేదు, పాలు ఒలికినట్టు తెలుపు. చుక్క వాన పడలేదు. అయినా గాజుకు లోపలి వైపు చెమట పట్టింది.

మేనేజరు గోదావరి అవతలి మనిషి. "ఏంటయ్యా, నీ కెమెరాకి జ్వరమొచ్చిందా? సాయంత్రం ఓనరుగారొస్తున్నారు. బొమ్మ లేకపోతే పీకించేస్తారు. బసవమ్మ ఎలాగూ ఉంది" అన్నాడు.

జానీ భాయ్ పెట్టె విప్పి, తుడిచి, మళ్లీ మూశాడు. మధ్యాహ్నం మబ్బు కమ్మి గాలి చల్లబడగానే మళ్లీ అదే చెమట. నిచ్చెన మీద ఆయన మెడ నరాలు బిగుసుకోవడం నాకు కింది నుంచి కనిపించింది. నోరు ఆగలేదు.

"అన్నా, వేడన్నం మీద మూత గట్టిగ పెడితే నీళ్లు పట్టవా? నేనైతే జర ఓరగ పెడత."

"మేస్త్రీకి వంట నేర్పుతున్నావా?" అని మేనేజరు నవ్వాడు.

జానీ భాయ్ నవ్వలేదు. దిగి వచ్చి నా ముందు నిలబడి, "మళ్ల చెప్పు" అన్నాడు. చెప్పాను.

"అవ్. లోపలి గాలి లోపలే ఉడుకుతాంది. బయటికి తొవ్వ లేదు. తప్పు నాదే."

డ్రిల్లు తీసుకుని పెట్టె అడుగున పెట్టాడు. మేనేజరు కేకేశాడు: "వాన రాకుండా పెట్టిన పెట్టెకి బెజ్జమా! ఇది పాడైతే నువ్వూ ఇంటికే."

"వాన కింది నుంచి ఎక్కదు గద సార్" అంటూనే కొట్టేశాడు.

మూత మాట నాది, పోయేది ఆయన పని.

లోపల తడి ఆరేదాకా తెరిచి ఉంచి అప్పుడు మూశాడు. అయిదింటికి ఓనరు, ఆయన వెనకే వాన. అందరం టీవీ ముందు చేరాం. గాజు మీద నీళ్లు జారాయి, బొమ్మ మసకేసింది. జానీ భాయ్ చెవి మీది టెస్టరు తీసి పిడికిట్లో బిగించాడు. గాలి విసురు తగ్గగానే కళ్లం తేలింది, గేటు తేలింది, దాని కింద తడుస్తున్న బసవమ్మ చీర అంచు కూడా తేలింది.

"భలే చేశావయ్యా" అన్నాడు ఓనరు.

"ఆగం చేసింది నేను సార్. బెజ్జం ఉపాయం సమ్మక్కది."

పెద్దవాళ్ల ముందు నా పేరు ఒకరు చెప్పడం అదే మొదలు.

పని దిగి గేటు దగ్గరికి రాగానే అలవాటుగా చేతులెత్తాను. బసవమ్మ తన చేతులు కొంగులో దాచుకుని పక్కకు జరిగింది.

"చేతులు దించి నడువు సమ్మక్కా, బొమ్మ మంచిగ పడతది!" అని వెనక నుంచి జానీ భాయ్ అరిచాడు. ఆడవాళ్లంతా వానలో ఘొల్లున నవ్వారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా కూరను ఎవరైనా మెచ్చుకుంటే, ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆ పేరు చెప్పాకే వడ్డిస్తాను. పెద్ద దుకాణాల తలుపులు దాటేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోతుంది. అప్పుడు ఆ కేక వినిపిస్తుంది. చెయ్యి దించి నడుస్తాను.