టీ కూడా మందేనట

డోమ్నికా రొట్టెల బట్టీలో పిండి కలిపేది. మూడో కాన్పుకీ కడుపు కోశాక, గర్భసంచి గోడ బాగా పల్చబడిందని, మళ్ళీ కడుపు నిలిస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. అప్పటినుంచి గర్భం రాకుండా వేసుకునే మాత్ర, పొద్దున చర్చి గంట వినబడగానే మింగేది. దేవుడి గంటకి దేవుడొప్పని మాత్ర అని తనలో తనే నవ్వుకునేది. ఒక్కరోజూ మరిచిపోయింది లేదు.

అత్తలు కోడళ్ళని కాల్చుకు తింటారంటారు గానీ, పరస్కీవా అలాంటిది కాదు. బట్టీలో మనుషుల్ని తీసేస్తారన్న బెంగతో కోడలికి నిద్ర పట్టడం లేదని, ఎండాకాలం కొండమీద కోసి ఆరబెట్టిన పసుపుపచ్చని సునతోరె పూలు మరిగించి పూటపూటా ఇచ్చేది. ఆ ఊళ్ళో కాలేయానికీ దిగులుకీ అదే విరుగుడు. దాన్ని మందని ఎవరూ అనుకోరు, టీ అంటారు.

శీతాకాలంలో నెల మధ్యలో మరకలు మొదలయ్యాయి. కడుపొచ్చిందేమోనని డోమ్నికా ఏడ్చింది. రక్తం కనబడితే కడుపు లేనట్టే కదా, ఎందుకే ఏడుపని బట్టీలో ఆడవాళ్ళు నవ్వారు. ఆ మాట పట్టుకుని ఊరట పడింది. కోడలు నీరసించిందని పరస్కీవా టీ ఇంకాస్త చిక్కగా కాచింది. తీరా పులిసిన పిండి వాసనకి వాంతులు పట్టుకున్నాక, ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు.

స్కానింగ్ చూసి, మాత్ర కాక ఇంకేం మందులు వాడుతున్నావని డాక్టరమ్మ అడిగింది. ఏమీ లేదంది డోమ్నికా.

“మందులెందుకమ్మా, నేను లేనూ?” అంది పరస్కీవా గొప్పగా. “రోజూ సునతోరె కాచి పోస్తున్నా.”

 ఆ పువ్వు మాత్రని ఒంట్లో పనిచెయ్యనివ్వదని, మరకలు కనబడింది కూడా అందుకే అయ్యుంటుందని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. పిండం సరిగ్గా పాత కుట్టు మీదే కూర్చుంది. పెద్దాసుపత్రిలో తీయించాలి, అక్కడైనా డోమ్నికా బతుకుతుందని మాటివ్వలేనంది.

బయట బల్ల మీద పరస్కీవా కూలబడిపోయింది. “నన్ను తిట్టవే. నోరారా తిట్టు” అంది.

“ప్రేమతో పోశావు, తాగాను. తిట్టేదేముందత్తా?” అంది డోమ్నికా. “నేను రాకపోతే పిల్లలు నీ దగ్గరేగా ఉంటారు. వాళ్ళకేది కాచి పోసినా, ముందు డాక్టరుని ఒక్కమాట అడుగు.”

తిట్టినా పరస్కీవాకి అంత నొప్పి కలిగేది కాదు.

డోమ్నికా తిరిగి రాలేదు. ఇప్పుడు మనవలు దగ్గినా సరే, పరస్కీవా వేణ్ణీళ్ళు కూడా అడక్కుండా తాగించదు.