నర్సమ్మ నోటుకు రాని రసీదు

1947 చలికాలం: నిజాం సరిహద్దు తనిఖీ నాకాలో నర్సమ్మ నోటు జప్తు చేశారు. రసీదు లేదు.
1948 ఎండాకాలం: అర్జీ తీసుకున్నారు. ముట్టినట్టు సంతకం లేదు.
1949: అప్పటికి సర్కారు మారింది. "అది పాతవాళ్ళ వ్యవహారం" అన్నారు.

నేను కోదాడలో సరాఫును. నిజాం హాలీ సిక్కాకు ఇండియా కల్దారు రూపాయలు మార్చి, వట్టం అనే మారకపు కమీషన్ మీద బతికినవాణ్ణి. ఆ చలికాలం నిజాం సర్కారు కల్దారును నిషేధించింది. తెలియని నోటు దొరికితే నాకావాళ్ళు నన్నే పిలిచేవారు.

ఆనాడు చూపినది రంగూన్ నోటు. యుద్ధకాలంలో మనవాళ్ళు బ్రిటిషువారి మీద పోరుకు దేశం బయట స్వతంత్ర సర్కారును ప్రకటించి, సైన్యంతోపాటు రంగూన్‌లో బ్యాంకునూ పెట్టుకున్నారు. ఆ బ్యాంకు నోటు అంచున సిరాతో "నర్సమ్మ" అని రాసి ఉంది. ఆమెది చిలుకూరు. భర్తతో రంగూన్ బియ్యం మిల్లుకు కూలికి పోయి, ఒంటరిగా తిరిగి వస్తోంది.

"చెల్లుతదా సేటూ?" అన్నాడు నాకా అధికారి అమీను.

"ఏ బజారులోనూ చెల్లదు."

"అయితే బీడీ చుట్టుకోమను."

"చుట్టుకుంట, ఇయ్యి," అంది నర్సమ్మ.

అతడు నవ్వి, నోటును సొరుగులో వేశాడు. "పరాయి సిక్కా. జప్తు."

"సిక్కా అయితే రసీదు ఇవ్వాలి కదా?" అన్నాను.

"విలువ లేని కాయితానికి రసీదేంది సేటూ?"

బయటికి వచ్చాక ఆమె అంది: "నాకు పైసలొద్దు సేటూ. నా పెనిమిటి ఫౌజుల కలిసి పోయేటప్పుడు నా పేరు రాసిచ్చిండు. స్వరాజ్యమొచ్చినంక నేనే మార్పిస్త, దాచుమన్నడు. ఆయిన రాత ఇంకేడ లేదు."

చదువు రాని ఆమె ఆ నోటు చూసే తన పేరు ఎలా ఉంటుందో తెలుసుకుంది. ఇప్పటికీ అంగడి రోజున నా దుకాణానికి వచ్చి, "జవాబు రాసిండ్రా?" అని అడుగుతుంది. గల్లాపెట్టె మీద వేలితో తన పేరు గీస్తుంది. ఈ మధ్య రెండో అక్షరం దగ్గర ఆగిపోతోంది. రాసిస్తానన్నాను.

"నువ్వు రాస్తే నీ రాతైతది గద," అంది.

ఏ నోటుకైనా దాన్ని అచ్చువేసిన సర్కారు ఉన్నంతవరకే విలువ అని వృత్తిలో నేర్చుకున్నాను. నర్సమ్మ నోటు విషయంలో ఆ లెక్క నాకు సరిపోలేదు.

కనుక నాకా దఫ్తరువారిని నేను కోరేది ఇది. ఆ నోటు సిక్కా అయితే జప్తు రసీదు ఇవ్వండి. వట్టి కాగితమైతే ఆమె కాగితం ఆమెకు ఇవ్వండి. రెండింటిలో ఏదో సంతకంతో, రాతపూర్వకంగా తెలపండి.