ఎదురుకాళ్ళ వైద్యం

నేను తల్లి కడుపులోంచి కాళ్ళు ముందు పెట్టి వచ్చినవాణ్ణి. తల వెనక వచ్చింది. ఏడో తరగతిలో బడి మానేసేదాకా అది వెనకే ఉంది. ఇలా ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు మూడు పొద్దులు మెల్లిగా తన్నితే నడుం పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. నిన్న ఫ్యాక్టరీలో పెట్టె ఎత్తబోతే నా నడుమే పట్టేసింది. ఊరందరి నడుములకూ అందిన కాలు నా నడుముకు అందదు! నా భార్య వాము వేసి ఆముదం కాచింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే పక్కింటి మునెమ్మవ్వ గుర్తొచ్చింది, ఒళ్ళు మండింది.

మా ఊరు కెలవరపల్లిలో జలుబుకు కషాయం, కురుపుకు ఆకుపసరు, అన్నీ ఆమె దగ్గరే. నేను బడి మానిన రోజు మా నాన్న కట్టె తీస్తే ఆమె అడ్డం వచ్చింది. "వదిలెయ్యప్పా. తల పనికి రాకపోతే కాళ్ళతో చేయించుకుందాం" అని నన్ను తన గడప దగ్గర నిలబెట్టింది. అప్పటినుంచి నేను పళ్ళు తోముకోకముందే నా కాలి కోసం జనం. పైసా తీసుకోకూడదు, 'మేలు చేసినావు' అని కూడా అనిపించుకోకూడదు. అంటే వైద్యం పారదట. "టీ అయినా ఇప్పించవ్వా" అంటే, "తన్నేదానికి కూలి అడిగే గాడిదను యాడా చూడలేదు" అనేది.

అయితే వచ్చినవాళ్ళను వెంటనే తన్ననిచ్చేది కాదు. జ్వరముందా, ఉచ్చకు పోతే మంటా, కాలు తిమ్మిరెక్కుతుందా అని అడిగేది. ఒక్కదానికి అవునన్నా, "ఇది వీడి కాలికి లొంగేది కాదు, ఆస్పత్రికి పో" అని పంపేసేది. "ఒక తన్నుకు ఇంత ఇంటర్వ్యూ ఏందవ్వా?" అని విసుక్కునేవాణ్ణి.

ఒక వానాకాలం ఆమే నడుం పట్టుకుని వచ్చి మా గడప దగ్గర బోర్లా పడుకుంది. "తన్నురా." చెయ్యి వేసి చూస్తే ఒళ్ళు పెనంలా కాలుతోంది.

"జ్వరముండాది కదవ్వా!"

"ఎండకు కాగినాను."

"వాన పడతా ఉంటే ఎండ యాడిది? మంట కూడా ఉందా?"

ఊరందరినీ అడిగిన ముసలిది తన వంతు వచ్చేసరికి ముఖం గోడవైపు తిప్పుకుంది.

"నేను తన్నను, ఆస్పత్రికి పోదాం."

"పెద్దదాన్నని భయమా? పాపం నా పేరున రాయించుకుంటాలే, తన్ను."

ఆస్పత్రికి పోయిన ఆమె మొగుడు తిరిగి రాలేదు. అదీ ఆమె భయం. నాకు తెలుసు, అయినా జాలికన్నా కోపమే ఎక్కువ వచ్చింది. గంటసేపు అరిచి అరిచి, చివరికి ఎత్తి బండిమీద కూర్చోబెట్టాను. నా భార్య వెనకనుంచి పట్టుకుంటే హోసూరుకు తోలాను. కిడ్నీలో చీము పట్టిందని, ఇంకో రోజు ఆగి ఉంటే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది.

ఆ తర్వాత మునెమ్మవ్వ నాలుగేళ్ళు బతికింది. నేను ఇప్పటికీ ఆ మూడు ప్రశ్నలూ అడగకుండా ఎవరిమీదా కాలెత్తను. కానీ ఆమెమీద కోపం మాత్రం పోలేదు. ఆస్పత్రినుంచి ఇంటికి తెచ్చిన రోజు, "చూసినావా, ఒక్క తన్ను లేకుండా బాగుచేయించినాను" అని గొప్పగా అన్నాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"తన్నలేదా? ఈడనుంచి హోసూరు దాకా గుంతకొక తన్ను తన్నించినావు కదరా. బాగుకాక ఏమవుతాది?"