బాక్సర్ మాటని మెత్తబరచబోయి

2023 చలికాలం చివర్లో జరిగింది ఇది. అప్పటికి నేను డెట్రాయిట్‌లో ఒక చిన్న ఒపెరా కంపెనీకి టైటిల్ కాలర్‌గా పనిచేస్తూ ఎనిమిదేళ్లు. వారమంతా ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆఫీసు ఉద్యోగం, సీజన్‌లో మాత్రం ఈ పని. టైటిల్ కాలర్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. నేను గేటు దగ్గర టికెట్లు చింపుతానని మా ఆయన కూడా కొన్నాళ్లు అనుకున్నారు.

ఒపెరాలో కథంతా పాటే. ఇంగ్లీషులో పాడినా సగం మాటలు అమెరికన్లకే అందవు. అందుకని స్టేజీ పైనున్న సన్నటి తెర మీద ఆ మాటలు వేస్తారు. వాటినే సర్‌టైటిల్స్ అంటారు. హాలు వెనక అద్దాల గదిలో నేను స్కోర్, అంటే స్వరాలు రాసిన పుస్తకం, ముందు పెట్టుకుని కూర్చుంటాను. గాయకుడు నోరు తెరిచే క్షణానికి బటన్ నొక్కాలి. ఒక్కో నొక్కుడు ఒక క్యూ. మాట లేని చోట తెరని ఖాళీగా ఉంచే క్యూని బ్లాంక్ అంటారు. నరసాపురంలో చిన్నప్పుడు పియానో నేర్పిన టీచరమ్మ పుణ్యమా అని నాకు స్కోర్ చదవడం వచ్చు. కొత్తల్లో ఒక హాస్య ఒపెరాలో రెండు క్షణాలు ముందు నొక్కాను. గాయకుడు జోక్ పాడకముందే జనం నవ్వేశారు. పాపం ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే నా గదివైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

ఆ సీజన్‌లో వేసింది కొత్త ఒపెరా, ఒక బాక్సర్ కథ. వాల్టర్, రూబెన్ అని ఇద్దరు. పగలు కార్ల ఫ్యాక్టరీలో పని, సాయంత్రం జిమ్‌లో ప్రాక్టీసు. ఇద్దరూ ప్రేమించుకుంటారు, ఆ సంగతి లోకానికి తెలియదు. ఒకరోజు జిమ్ బయట నలుగురు రూబెన్‌ని బూతులు తిడుతూ కొడతారు. రెండు గుద్దులతో వాళ్లని పడగొట్టగల చాంపియన్ వాల్టర్ అక్కడే ఉండి కదలడు. "వీడు నీకు తెలుసా?" అని వాళ్లు అడిగితే తెలియదంటాడు. రూబెన్ చనిపోతాడు. ముసలివాడయ్యాక వాల్టర్ రూబెన్ చెల్లెలి దగ్గరికి వెళ్లి మొదటిసారి నిజం చెప్పడంతో ఒపెరా ముగుస్తుంది.

ఆదివారం మ్యాటినీల్లో వాల్టర్ పాత్ర ప్రేమ్‌ది. ప్రేమ్ మా తెలుగు చర్చి పిల్లవాడే. పిల్లవాడంటున్నాను గానీ ముప్పై ఒక్కటి నిండాయి. పుట్టింది, పెరిగింది ఇక్కడే. వాళ్లమ్మ సువర్ణక్క పక్కనే నోవై అనే ఊళ్లో ఉంటూ, ఇంట్లోనే ఉద్యోగాలకి వెళ్లేవాళ్ల చంటిపిల్లల్ని చూసుకుంటుంది. భర్త పోయాక ప్రేమ్ ఒక్కడే ఆవిడ లోకం. ముప్పై ఏళ్లకి పైగా ఇక్కడున్నా ఇంగ్లీషు ఆవిడకి కొట్టుకి, డాక్టరుకి సరిపోయేంతే.

రిహార్సల్స్ మొదలైన వారంలో ప్రేమ్ మా ఇంటికొచ్చాడు. "ఆంటీ, మమ్మీ కోసం తెలుగులో టైటిల్స్ చేస్తారా? టాబ్లెట్ మీద. వన్ షో ఓన్లీ."

"ఇంగ్లీషు తెర ఉందిగా నాన్నా. కాస్త కాస్త అర్థమవుతుందిలే ఆవిడకి."

"ఇంగ్లీష్‌లో అయితే మమ్మీకి న్యూస్ లాగా ఉంటుంది. తెలుగు అయితే ఇంట్లోకి వస్తుంది."

ఆ మాట నాకు భలే నచ్చింది. కంపెనీ వాళ్లూ సరేనన్నారు. నేను నొక్కే బటన్‌తోనే టాబ్లెట్ మీద తెలుగు కూడా మారేలా ఏర్పాటు చేశారు. నాలుగు వందల పైచిలుకు క్యూలు మూడు వారాల్లో తెలుగు చేశాను. రెండేసి వరుసల్లో ఇమిడేలా మాటల్ని కోసి కోసి నా తెలుగు నాకే ముద్దొచ్చింది.

ప్రేమ్‌కి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అందుకని ఒక శనివారం కూర్చోబెట్టి అన్నీ చదివి వినిపించాను. కాఫీ తాగుతూ, నవ్వుతూ విన్నాడు. చివరి సీనుకొచ్చాం. రూబెన్ చెల్లెలితో వాల్టర్ అనే మాట ఇది: అతను నాకు తెలుసు, నువ్వు నీ భర్తని ప్రేమించినట్టే నేనతన్ని ప్రేమించాను. నేను చదివింది మాత్రం ఇది: "అతను నాకు తెలుసు. నాకు తమ్ముడిలాంటివాడు."

ప్రేమ్ కప్పు కింద పెట్టాడు. "ఆంటీ, తమ్ముడు అంటే బ్రదర్ కదా?"

"అవును."

"వాల్టర్ అలా చెప్పడు. నిజం చెప్పలేకనే కదా హోల్ లైఫ్ ఏడ్చాడు."

నేను నీళ్లు నమిలాను. చర్చి నుంచి ఇంకెవరైనా వస్తే చూస్తారన్నాను. మీ అమ్మకి బీపీ ఉంది, పెద్దావిడ, ఒక్క వాక్యం కాస్త మెత్తగా ఉంటే ఒపెరాకి వచ్చే నష్టమేమిటన్నాను. నిజానికి ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు సువర్ణక్క మొహం కూడా గుర్తు రాలేదు. రేపు చర్చిలో నలుగురూ "సుజాత ఇలాంటివి రాసిందా" అంటారేమోనని నా భయం నాకుంది.

ప్రేమ్ కప్పు పక్కకి జరిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నేను మమ్మీకి చెప్పలేను ఆంటీ. ట్రై చేశాను. కార్‌లో టూ టైమ్స్. నోవై ఎగ్జిట్ వచ్చేస్తుంది, మాట రాదు. స్టేజ్ మీద అయితే నాకు వస్తుంది. మమ్మీకి మీరు ఇవ్వాలి, కరెక్ట్‌గా."

ఆ మాట వాల్టర్‌ది మాత్రమే కాదని అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఎనిమిదేళ్ల నుంచి చూస్తున్న పిల్లవాడు, సంక్రాంతి పిండివంటలు కాకపోయినా క్రిస్మస్ కేకు ప్రతి ఏడూ నా చేతిదే తిన్నవాడు, ఇంత బరువు మోస్తుంటే నాకు తెలియనే లేదు. నాకు ఏడుపొచ్చింది. "ఎవరికి తెలుసు నాన్నా ఈ సంగతి?" అన్నాను. "ఇప్పుడు మీకు," అన్నాడు. వాడి ముందే పెన్సిల్ తీసుకుని తమ్ముణ్ణి కొట్టేశాను. పైన అసలు వాక్యం రాసి రెండుసార్లు చదివి వినిపించాను. "అదే," అన్నాడు.

మ్యాటినీ రోజు బయట మంచు. సువర్ణక్క పట్టుచీర మీద పెద్ద కోటు వేసుకుని వచ్చింది. టాబ్లెట్ వెలుగు పక్కవాళ్లకి తగలకుండా ఆవిడని చివరి వరసలో, సరిగ్గా నా అద్దం ముందు కూర్చోబెట్టారు. ముందు సగమంతా ఆవిడ తల కిందికీ పైకీ ఆడుతూనే ఉంది. వాల్టర్ తెలియదన్నప్పుడు "అయ్యో" అనడం అద్దంలోంచి కూడా తెలిసింది.

చివరి సీనులో ఆ వాక్యానికి ముందు వాద్యాలన్నీ ఆగిపోతాయి. నేను బ్లాంక్ వేశాను. స్కోర్‌లో ఉన్నది చిన్న విరామమే. ప్రేమ్ దాన్ని సాగదీశాడు. వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ చేయి గాల్లో ఆగిపోయింది. వీడు ఇక్కడ కూడా చెప్పలేడేమో అనుకున్నాను. అంతలో వాడి ఛాతీ పైకి లేచింది, నోరు తెరిచాడు, నేను నొక్కాను.

సువర్ణక్క తల వంచి చదివింది. తల ఎత్తలేదు. ఆ క్యూ వెళ్లిపోయి తర్వాతిది వచ్చింది, ఆవిడ అలాగే ఉంది. తర్వాత టాబ్లెట్‌ని ఒళ్లో బోర్లించి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని, స్టేజీ వైపు మాత్రమే చూడసాగింది. మిగిలిన తెలుగంతా ఎవరూ చదవకుండానే వెళ్లిపోయింది. అయినా ఒక్క క్యూ తప్పకుండా నొక్కాను.

అంతా అయ్యాక లాబీలో నా చేయి పట్టుకుని గోడ వారకి తీసుకెళ్లింది. "ఏమే సుజాతా, ఆ మాట కథలోదా, మావాడిదా?"

"కథలోదే అక్కా," అన్నాను. అక్కడితో ఆపేద్దామనుకున్నాను, కానీ ఇక దాచబుద్ధి కాలేదు. "నేను ముందు తమ్ముడని రాశాను. వాడే ఒప్పుకోలేదు."

ఆవిడ కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "నాలుగేళ్ల నుంచి ప్రతి ఆదివారం చర్చిలో లేచి నిలబడి వాడికి మంచి పిల్ల దొరకాలని విన్నపం చెప్తున్నానే. అందరూ ప్రార్థన చేసేవారు. వాడు నా పక్కనే కూర్చుని ఆమెన్ అనేవాడు. ఎలా అన్నాడే బిడ్డ, నాలుగేళ్లు?"

ప్రేమ్ ముసలి వాల్టర్ మేకప్ సగం తుడుచుకుని బయటికొచ్చాడు. ఆవిడ వాడి మోచేయి పట్టుకుంది, మంచులో జారకుండా వాడు మెల్లగా నడిపించుకుంటూ కారు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆ రోజుతో అన్నీ సర్దుకున్నాయని చెప్పను. తర్వాత రెండు ఆదివారాలు సువర్ణక్క చర్చికి రాలేదు. ఫోన్ చేస్తే "కోప్పడ్డానే, ఏడ్చానే, ఇప్పుడు వాడు చెప్పేది వింటున్నాను" అంది. నాకు మాత్రం ఆ సంగతి ఒకటి నేర్పింది. ఒక మాటని మెత్తబరచాలనిపించినప్పుడల్లా ఇది ఎవరి కోసమని ఆగి చూసుకుంటాను. ఎదుటివాళ్ల కోసమని పైకి చెప్పుకుంటాం గానీ చాలాసార్లు అది మన కోసమే. టైటిల్స్ రాసేటప్పుడే కాదు, ఇంట్లో మాట్లాడేటప్పుడు కూడా ఇది పనికొస్తోంది.

మూడో ఆదివారం తల్లీకొడుకులిద్దరూ వచ్చారు. చర్చిలో పాటలకి వాయించేది నేనే కాబట్టి పియానో దగ్గర ఉన్నాను. విన్నపాల సమయంలో పాస్టరు గారు అలవాటుగా, "సువర్ణమ్మ గారూ, మన ప్రేమ్ పెళ్లి సంగతేనా?" అన్నారు.

ఆవిడ లేచి నిలబడింది. "ఆ విన్నపం ఇక వద్దండి పాస్టర్ గారూ. మావాడు బాగున్నాడు. వాణ్ణి నాకిచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెల్లించండి, చాలు."

పాస్టరు గారు ఒక్క క్షణం తికమకపడి, తర్వాత స్తోత్రం చెల్లించారు. అందరూ ఆమెన్ అన్నారు. ప్రేమ్ కాస్త ఆలస్యంగా అన్నాడు, ఒపెరా గొంతుతో, కిటికీ అద్దాలు అదిరేలా.