ఎర్రదుప్పటోడు ఎటు విసిరాడు

1968 వేసవిలో నేను శ్రీకాకుళంలో, ఆరోగ్య ప్రచార విభాగంలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. ఒక జీపు, వెనక ట్రైలర్లో చిన్న జనరేటర్, ప్రొజెక్టర్, తెర, రెండు లౌడు స్పీకర్లు, మైకు మా సరంజామా. టీకాలు వేయబోయే ఊళ్ళో ముందుగా బొమ్మలు చూపించి జనాన్ని పోగుచేయడం నా పని. టీకాలు వేసేది అప్పలస్వామి. మేమిద్దరం చాలా ఏళ్ళు ఒకే జీపులో తిరిగాం. అతను పోయి నెల దాటింది. సంతాప సభలో అతని ఉద్యోగం గురించి చాలామంది మాట్లాడారు. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, ఎవరికీ తెలియదు గనుక. నాకు సభల్లో మాట్లాడటం రాదు. అందుకే రాస్తున్నాను.

ఆ ఏడాది మాకు కొత్తగా కార్టూన్ రీళ్ళు వచ్చాయి. ఉత్తరాదిలో ఎక్కడో గీసినవి. అన్నిటిలోనూ ఒకడే వీరుడు. భుజాలకు ఎర్రటి గుడ్డ కట్టుకుని ఆకాశంలో ఎగురుతాడు, పరిగెత్తే రైలును అరచేత్తో ఆపుతాడు, ఒక్కో రీలులో ఒక్కో జబ్బుతో కుస్తీ పడతాడు. హిందీ మాటలు మా జనానికి అర్థం కావు కాబట్టి సౌండ్ తగ్గించి, తెర మీద జరిగేది నేను మైకులో తెలుగులో చెప్పేవాణ్ణి. వీరుడికి ఏదో పెద్ద సంస్కృతం పేరుండేది. జనం మాత్రం ఎర్రదుప్పటోడు అన్నారు. ప్యాంటు మీద చెడ్డీ తొడుక్కున్నాడని పిల్లలు పడి పడి నవ్వేవారు.

మలేరియా రీలులో దోమను రెండు చేతుల మధ్య నలిపేస్తాడు, అది నేల మీద పడుతుంది. కలరా రీలులో ఈగను కొడతాడు, అదీ పడుతుంది. మశూచి రీలులో మాత్రం జుట్టు విరబోసుకుని ఒక ఆడది వస్తుంది. ఒంటి నిండా చుక్కలు, చేతిలో వేపమండ. వీరుడు ఆమెను జుట్టు పట్టి గిరగిరా తిప్పి, ఊరి చివర పాతిన రాయి మీదుగా విసిరేస్తాడు. ఆమె గాల్లో చిన్నదవుతూ చుక్కయి పోతుంది. రెండు కొండల మధ్య సూర్యుడు పొడుస్తాడు. అంతటితో రీలు అయిపోతుంది.

పాతపట్నం వైపు రెండు ఊళ్ళున్నాయి. పేర్లు రాయను. పడమట ఉన్నది పై ఊరు, తూర్పున ఉన్నది కింద ఊరు అనుకోండి. పై ఊళ్ళో మూడు రీళ్ళూ వేశాం. కింద ఊరి వాళ్ళు కూడా పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చూశారు. ఎర్రదుప్పటోడు ఆమెను విసిరేసినప్పుడు చప్పట్లు కొట్టారు. మర్నాడు పై ఊళ్ళో టీకాలు ఏ గొడవా లేకుండా పడ్డాయి. ఆ తర్వాతి రోజు పొద్దున్నే, కింద ఊళ్ళో ఒక మనిషికి ఒళ్ళంతా పొక్కులు లేచాయని కబురు వచ్చింది. ఆ ఇంట్లో నెల నిండని పసిపాప ఉందని కూడా చెప్పారు.

అప్పలస్వామి ముఖం మారిపోయింది. మశూచి సోకినా, మొదటి మూడు నాలుగు రోజుల్లో టీకా పడితే మనిషి దక్కే అవకాశం ఉంది. ఆ గడువు దాటితే టీకా వేసినా లాభం తక్కువ. నెలపాపకైతే ఆ జబ్బు వస్తే ఆశ పెట్టుకునే పనే లేదు. "ఇప్పుడే ఎల్దాం," అన్నాడు.

కింద ఊరి పొలిమేర రాయి దగ్గర దారికి అడ్డంగా నాటుబండి పెట్టి ఉంది. దాని వెనక పాతికమంది మగవాళ్ళు. చేతుల్లో కర్రలు, తలపాగాల్లో వేపాకు. వాళ్ళకు కొంచెం వెనగ్గా ఆడవాళ్ళు. డ్రైవర్ సింహాచలం జీపు ఆపాడు గాని ఇంజను ఆపలేదు.

అప్పలస్వామి దిగి ముందుకు నడిచాడు. అతని వెనకే నేనూ దిగి జీపు పక్కన నించున్నాను. అతనిది ఆ ప్రాంతమే. "ఏటి నాయుడు మావా, కర్రలట్టుకుని నించున్నారు? పెల్లికా, కొట్లాటకా?" అన్నాడు ఊరిపెద్దతో.

నాయుడు నవ్వలేదు. "బండి తిప్పుకో అప్పలసామీ. మీరు సేసింది సాలు."

"మేం ఏటి సేసినాం? బొమ్మలే కదా ఏసినాం. మీవోళ్ళు కూడా ఒచ్చి సప్పట్లు కొట్టినారు."

"అప్పుడు కొట్టినాం. ఇంటికొచ్చి తొంగున్నాక ఆలోసించినాం."

పక్కనున్న కుర్రవాడొకడు అందుకున్నాడు. "దోమని సంపీసినాడు. ఈగని సంపీసినాడు. ఆవిడిని ఎందుకు సంపనేదు? సంపలేడు కాబట్టి. ఆవిడి అమ్మవారని ఎర్రదుప్పటోడికీ తెలుసు. అందుకే తోలీసినాడు."

"ఎటేపు తోలినాడో సూసినావా?" అన్నాడు నాయుడు. కర్ర ఎత్తి తన ఊరి వెనక చూపించాడు. అక్కడ రెండు కొండలున్నాయి. పొద్దున కావడంతో సూర్యుడు సరిగ్గా ఆ రెండింటి మధ్యా ఉన్నాడు. "పొలిమేర రాయి మీంచి, పొద్దు పొడిసే ఏపు, రెండు కొండల మజ్జికి. అది మా ఊరు కాదేటి?"

ఆ రీలు నేను ఎన్నో ఊళ్ళలో వేశాను. ఆమె ఎటు పోతుందని ఒక్కసారీ అనుకోలేదు.

ఆ రోజుల్లో అక్కడ మశూచిని జబ్బు అనేవారు కాదు. అమ్మవారు వచ్చింది అనేవారు. ఆమెను కొట్టరు, తిట్టరు. పసుపు కుంకుమ ఇచ్చి, పెరుగన్నం పెట్టి, డప్పులతో పొలిమేర దాటిస్తారు. దాటించారంటే పక్క ఊరికి పంపినట్టే. అందుకే ఒక ఊరు సాగనంపుతుంటే పక్క ఊరు కర్రలతో కాపలా కాసేది. ఆ కాపలాలో తలలు పగలడం నేను చూశాను. వీళ్ళ లెక్కలో పై ఊరివాళ్ళు ఈసారి సర్కారు జీపును పిలిపించి, అమ్మవారికి ఒక ముద్ద కూడా పెట్టకుండా, జుట్టు పట్టి వీళ్ళ మీదకు విసిరించారు. రెండు రోజులకే ఆ పసిపాప తండ్రికి, గౌరమ్మ కొడుకు అప్పన్నకు, అమ్మవారు పోసింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

"మావా, ఆ జబ్బు పైకి కనపడకముందే శానా రోజులు ఒంట్లో ఉంటాది. బొమ్మలెయ్యక ముందే అప్పన్నకి అంటుకుంది," అన్నాడు అప్పలస్వామి.

"అంటే మీరు ఇసిరేస్తారని ఆయమ్మకి ముందే తెలుసన్నమాట," అన్నాడు ఆ కుర్రవాడు. కొందరు తల ఊపారు.

అప్పలస్వామి ఇంకో అడుగు వేశాడు. ఒక కర్ర కొన వచ్చి అతని రొమ్ముకు ఆనింది. సింహాచలం జీపును వెనక గేరులో వేశాడు. ఒక్కడు చెయ్యెత్తితే మిగతావాళ్ళు ఆగరని నాకు తెలుసు. అప్పలస్వామి వెనక్కి రాలేదు. కర్రను తొయ్యనూ లేదు. "దాహమేస్తంది మావా. కాసిన్ని మంచినీళ్ళు ఇప్పించు. తాగినాక కొడుదురు గాని," అన్నాడు.

దాహం అన్నవాడికి లేదనడం అక్కడ లేదు. ఒక ఆడమనిషి ముంత తెచ్చింది. అతను నింపాదిగా తాగాడు. అంతసేపూ రొమ్ముకు ఆనిన కర్ర కిందికి దించే ఉంది. తాగి, టీకా మందు పెట్టె ఒళ్ళో పెట్టుకుని పొలిమేర రాయి పక్కనే నేల మీద కూచున్నాడు. "గౌరమ్మ మనవరాలికి సూది పడేదాకా నేను ఎల్లను. కొడితే ఇక్కడే కొట్టండి," అన్నాడు. అతని గొంతులో బెదిరింపు లేదు, బతిమాలడం లేదు.

ఎండ ముదురుతోంది. అప్పుడు ఆడవాళ్ళ గుంపులోంచి ఒక ముసలామె గొంతు వినిపించింది. "ఆ బొమ్మ తెచ్చినోడు ఏడీ?"

ఆమే గౌరమ్మ, అప్పన్న తల్లి. నాయుడు స్వయంగా వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చాడు.

"బాబూ, ఆ బొమ్మ నీ కాడ ఉన్నాదా?"

"జీపులో ఉందమ్మా."

"తీసుకురా. అమ్మ ఎక్కడ పడిందో సూస్తాను."

రేకు డబ్బాలోంచి రీలు తీసి, చివరి భాగం విప్పాను. ఫిల్ము అంటే వేలెడు వెడల్పు కూడా లేని రిబ్బను. దాని మీద గోరంత బొమ్మలు వరసగా ఉంటాయి. ఒక్కో బొమ్మా ముందుదానికి వెంట్రుకవాసి తేడా. ఎండకు ఎదురుగా పెడితే కనిపిస్తాయి. తెగిన ఫిల్ము అతికించేటప్పుడు వాడుకునే భూతద్దం కూడా ఇచ్చాను. నాయుడు ఫిల్మును ఆమె వేళ్ళ మధ్య పెట్టాడు. ఆమె దాన్ని సూర్యుడి వైపు ఎత్తి కంటి దగ్గర పెట్టుకుంది. నేను రీలు పట్టుకుని కొద్దికొద్దిగా వదులుతున్నాను. ఆమె ఏం చెబితే అది జరుగుతుంది.

"ఉన్నాది," అంది. ఇంకొంచెం వదిలాను. "గాల్లో ఉన్నాది." ఇంకొంచెం. "గాల్లోనే ఉన్నాది." ఫిల్ము చివర తెల్లటి ముక్క వచ్చింది. ఆమె దాన్ని వేళ్ళతో తడిమి దించింది.

"పడనేదు," అంది గట్టిగా. "దోమ పడింది. ఈగ పడింది. మీరందరూ సూసినారు. ఆయమ్మ ఏ ఊర్లోనూ పడనేదు. పడితే బొమ్మలో ఉండదేటి? ఈ డబ్బాలోనే ఉన్నాది."

"మరి అప్పన్నకి ఎందుకు పోసింది?" అని ఎవరో అన్నారు.

"నా కొడుకు సంగతి నాకు తెల్దేటి? ఒరిస్సా ఏపు పన్లోకెల్లి ఒచ్చిన రేతిరే నడుం నొప్పి, జొరమని మూలిగినాడు. బొమ్మలింకా ఎయ్యనేదు."

నాయుడు భూతద్దం తీసుకుని తనూ చూశాడు. మొదటినుంచి చివరిదాకా చూశాడు. "నిజమే. పడనేదు," అన్నాడు. కర్ర బండికి ఆనించాడు. "అయితే ఆ డబ్బా మా పొలిమేర దాటి రాకూడదు. మరెక్కడా మూత తియ్యకూడదు. మాటిస్తావా బాబూ?"

ఇచ్చాను.

గౌరమ్మ ఆకులో పెరుగన్నం తెప్పించింది. నేను రీలు లోపల పెట్టి మూత వేశాక, డబ్బా మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. "ఆకలి మీద ఎల్లకు తల్లీ," అంది మెల్లగా. ఆ డబ్బాను జీపులో పెట్టి, నేనూ అప్పలస్వామీ నడిచి ఊళ్ళోకి బయల్దేరాం.

"నన్నొక్కణ్ణీ దాంతో ఒదిలీసి ఎల్తారా సార్?" అని సింహాచలం వెనకనుంచి కేక పెట్టాడు. ఆ రోజు జనం నవ్వింది అప్పుడే.

అప్పన్న వాళ్ళ ఇంటి చావడిలో అరిటాకుల మీద పడుకుని ఉన్నాడు. అతన్ని గురించి రాయను. లోపలి గదిలో కోడలు పాపను అత్తగారి ఒళ్ళో పెట్టింది. గౌరమ్మ పాప మెడ, భుజం, మోచెయ్యి వరసగా తడుముకుంటూ వచ్చి, చిన్న చెయ్యిని పట్టుకుని, "ఇదేనా బాబూ?" అంది. ఆమె ముఖం కిటికీ వైపు ఉంది. అప్పుడు చూశాను. రెండు కళ్ళలోనూ తెల్లటి పొర మందంగా కమ్మి ఉంది.

"అవ్వా, నీకు కళ్ళు కనపడవా?" అన్నాను.

"ఎండుంటే ఎలుగు తెలుస్తాది. మనిసి తెల్దు."

"మరి బొమ్మలో..."

"బొమ్మలేసిన నాడు నేనూ ఒచ్చినాను. నీ మైకు కాడే కూకున్నాను. దోమ పడిపోయిందన్నావు. ఈగ పడిపోయిందన్నావు. ఆయమ్మ పడిందని అననేదు." ఆమె పాప చెయ్యి వదల్లేదు. "మాటలెందుకు? ఈ పసిగుంటకి సూదెయ్యండి."

అప్పలస్వామి పాపకు టీకా వేశాడు. తర్వాత ఇంట్లో అందరికీ, పక్కిళ్ళకు, సాయంత్రానికి ఊరంతటికీ వేశాడు. ఆ ఇంటి బయట మొట్టమొదట చెయ్యి చాపింది పొలిమేరలో వాదించిన కుర్రవాడు. అతనికి ఇద్దరు పిల్లలు.

తిరిగి వస్తూ, "నాయుడికి ఆమె చూపు సంగతి తెలియదా?" అని అడిగాను.

"తెలీకేటి? ఊరంతటికీ తెలుసు. పదేళ్ళ నుంచి ఆవిడిని సెయ్యట్టి నడిపేది ఆల్లే," అన్నాడు అప్పలస్వామి.

అందరికీ తెలుసు. అయినా పాతికమంది కర్రలు పట్టుకుని, చూపులేని మనిషి ఫిల్ము చూస్తుంటే ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కాదనలేదు. అక్కడ తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

మా పై అధికారి ఆ రీలు వేయనంటే కోప్పడ్డాడు. మూఢనమ్మకాలు పోగొట్టమని జీతమిస్తుంటే వాటికే లొంగిపోయావన్నాడు. మాటిచ్చానన్నాను. రాతపూర్వకంగా ఇచ్చావా అన్నాడు. లేదన్నాను. ఆ సంభాషణ అంతటితో ముగిసింది. నేను ఆ విభాగంలో ఉన్నంతకాలం ఆ మూత తియ్యలేదు.

అప్పన్న ఆ వారంలోనే పోయాడు. టీకా పట్టిందో లేదో చూడటానికి అప్పలస్వామి మళ్ళీ కింద ఊరు వెళ్ళాలి. టీకా వేసిన చోట పొక్కు లేస్తే పట్టినట్టు. చావు జరిగిన ఊరు, ఈసారి కర్రదెబ్బలు పడతాయని నేను వద్దన్నాను. అతను సైకిలు మీద ఒక్కడే వెళ్ళాడు. దారి మీద ఎవరూ లేరు. పాప చేతి మీద పొక్కు లేచి ఉంది. అప్పన్న పోయాక నాయుడు, మరికొందరు గౌరమ్మ దగ్గరకు వచ్చి అడిగారట: డబ్బా వెళ్ళిపోయింది కదా, మరి ఇతనెందుకు పోయాడు అని. "ఎల్తా ఎల్తా ఒకడిని తీసుకెల్లింది. ఇచ్చీసినాను. మళ్ళీ ఆయమ్మని ఎనక్కి పిలవకండి," అందట ఆమె. కొడుకు పోయిన ఇంట్లో కూచుని ఆ మాట అంది. దాంతో ఆ ఊళ్ళో అడగడం ఆగిపోయింది. పాప బతికింది.

ఆ తర్వాత ఏ ఊళ్ళో రీలు వేయబోయినా, ముందుగా పక్క ఊరు ఎటుందో కనుక్కుని, అక్కడి మనిషినై ఒకసారి చూసుకునేవాణ్ణి. అది పనికి సంబంధించిన పాఠం. ఇంకొకటి ఉంది. దారి మూసి నిలబడ్డవాళ్ళలో చాలామంది అది తెరుచుకునే సాకు కోసమే ఎదురుచూస్తుంటారు. ఆ సాకు మనం ఇస్తే పనికిరాదు, వాళ్ళలోంచి ఒకరు ఇవ్వాలి. అది వచ్చేదాకా కోపం తెచ్చుకోకుండా, వెనక్కి పోకుండా కూచోగలగాలి. నేనైతే ఆ రోజు జీపులోనే ఉండిపోయేవాణ్ణి. అప్పలస్వామి కూచున్నాడు.