అత్తారిల్లు ఏ గది?

ప్రయోగశాలలో అందరూ ఆమెను ఎలుకలక్క అంటారు. ఇంతకుముందు పసిపిల్లల్ని చూసుకునే చోట పనిచేసేది. అది మూతపడ్డాక ఇక్కడ చేరింది. "పనేం మారలేదు. తినిపించడం, తుడవడం. వీళ్లే నయం, అమ్మ కావాలని ఏడవరు" అంటుంది.

ఇక్కడి తెల్ల ఎలుకలు రెండు గదుల్లో ఉంటాయి. రెండింటిలోనూ బోనుల చుట్టూ రాగితీగ చుట్లున్నాయి. ఒక గదిలో వాటి గుండా కరెంటు పారితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. రెండో గదిలో కరెంటు ఎదురెదురుగా పారి ఒకదాని క్షేత్రాన్ని ఇంకోటి రద్దు చేసేలా తీగను చుట్టారు. అదే రొద, అదే వెచ్చదనం. క్షేత్రం మాత్రం ఉండదు. క్షేత్రంలో బతికిన ఎలుకలకు బ్లడ్ క్యాన్సర్ ఎక్కువగా వస్తుందా అన్నది ప్రశ్న. ఏ గది ఏదో ఎలుకల్ని చూసేవాళ్లకు చెప్పరు. తెలిస్తే చేతికి పక్షపాతం వస్తుంది.

చెప్పకపోయినా ఎలుకలక్కకు తెలుసు. కుడిగదిలో రొద ఎక్కువ. అందుకే దానికి అత్తారిల్లని, ఎడమగదికి పుట్టిల్లని పేర్లు పెట్టుకుంది.

ఒకరోజు పరిశోధన నడిపే మేడమ్ తలుపు దగ్గర ఆగింది. లోపల ఎలుకలక్క గొంతు.

"ఓర్చుకోండి తల్లీ, అత్తారింట్లో ఎవరికైనా తప్పదు."

"అత్తారిల్లేంటి?" అంది మేడమ్.

ఎలుకలక్క చెప్పింది. చెబుతూండగానే గొంతు తగ్గిపోయింది.

"అయితే వీటికి మేత ఎక్కువ పెట్టావా?"

"అయ్యో, తూచే పెడతాను మేడమ్. కబుర్లే కాస్త ఎక్కువ."

"ఆ కబుర్లే మన కొంప ముంచుతాయి. ఒక గదిని వేరుగా చూశావని తేలితే నిన్ను బోనులు కడగడానికి పంపాల్సొస్తుంది."

కడగడానికి ఎలుకలక్క వెనకాడదు. కానీ అక్కడ ఎలుకను చేతిలోకి తీసుకునే పనే ఉండదు.

ఆమెతో వంతులు వేసుకుని రోజు మార్చి రోజు ఇవే గదులు చూసే, అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన్ని మేడమ్ పిలిపించింది.

"బాబాయ్, క్షేత్రం ఏ గదిలో ఉందనుకుంటున్నారు?"

"అనుకోవడమెందుకమ్మా, ఎడమదాంట్లోనే. లోపలికెళ్తే బట్టతల వెచ్చబడుతుంది. పాపం, అందుకే వాటిని కాసేపు ఎక్కువ నిమురుతాను."

"అది ఎండకి కాలిన బుర్ర బాబాయ్!" అంది ఎలుకలక్క. " కుడిగదిలో రొద వినపడదా?"

"రొద నీ చెవుల్లో ఉందేమో చూసుకో అమ్మాయ్."

"మీకు చెవులంటూ ఉంటే కదా!"

మేడమ్ నవ్వు ఆపుకోలేక గోడకానుకుంది. "ఇద్దరికీ తెలియదన్నమాట. నాకూ తెలియదనుకోండి. ఒకరి జాలి కుడికి, ఒకరిది ఎడమకి. చెల్లుకు చెల్లు."

"అయితే నన్ను పంపేస్తారా?" అంది ఎలుకలక్క.

"పంపను. కానీ జరిగింది నివేదికలో రాస్తాను. ఇకమీదట పేర్లు వద్దు, జాలీ వద్దు. రెండు గదుల్లోనూ ఒకేలా ఉండాలి. చేతకాకపోతే నోరు మూసుకోండి."

"మూసుకోవడం నావల్ల కాదు మేడమ్," అంది ఎలుకలక్క, చేతితొడుగులు వేసుకుంటూ. "రెండు గదుల్నీ సమానంగా తిడతాను."